వసూలు వేరు, పంపిణీ ఒకటి

1914 ఆగస్టు నెలాఖరున ఆటోమన్ సామ్రాజ్యంలో అమెరికా రాయబారిగా ఉన్న హెన్రీ మోర్గెంతావ్, పాలస్తీనా యూదులను ఆకలినుండి కాపాడుటకు 50,000 డాలర్లు కావలెనని న్యూయార్కు ధనికుడు జేకబ్ షిఫ్‌కు తంతి పంపినారు. ఆ సొమ్ము త్వరలోనే సమకూరినది. కాని తూర్పు ఐరోపా యుద్ధరంగంలో చిక్కిన లక్షలాది యూదుల అవసరం దానితో తీరేది కాదు.

అమెరికా యూదులు ఏకమతస్థులేగాని ఏకాభిప్రాయులు కారు. జర్మనీనుండి వచ్చి స్థిరపడిన సంపన్నులు ఒక సంఘమును, సనాతనులు మరొక సంఘమును స్థాపించినారు. 1915లో కార్మికులు మూడవదానిని నెలకొల్పినారు. ఎవరి చందాలు వారే వసూలు చేసినారు. పంపిణీని మాత్రం 1914 నవంబరులో వెలసిన ఉమ్మడి సంఘానికి అప్పగించినారు. ‘ఉమ్మడి పంపిణీ సంఘం’ అను దాని పేరే వారి ఒడంబడిక. భేదాలు సమసేదాకా ఆకలి ఆగదని వారు గ్రహించినారు.