చిలకపలుకులని చులకన చేయకండి!

బట్టీపట్టి అప్పజెప్పేవాణ్ణి 'చిలకపలుకులు పలుకుతున్నాడు' అంటాం. అర్థం తెలియకుండా వల్లిస్తున్నాడని మన ఎత్తిపొడుపు. కానీ అడవిలో సంగతి వేరు. పక్కపిట్ట గొంతును అరువు తెచ్చుకుని పొట్ట పోసుకునేవి, జతను వెతుక్కునేవి, శత్రువును ఏమార్చేవి చాలానే ఉన్నాయి. వాటిలో కొన్నింటి ముచ్చట్లివి.

● పెదవులు లేకుండానే 'రామా'! మన స్వరపేటిక మెడ పైభాగాన ఉంటే, పక్షికి శబ్దం పుట్టేది కింద, శ్వాసనాళం రెండుగా చీలే చోట. పాటపిట్టల్లో ఆ రెండు పక్కలూ దేనికది పనిచేయగలవు. అందుకే కొన్ని పిట్టలు ఒకేసారి రెండు స్వరాలు పలుకుతాయి. చిలకలైతే నాలుకను కూడా కదిలించి శబ్దాన్ని దిద్దుకుంటాయి. పెదవులు లేని రామచిలక 'మ' అనగలగడం ఈ పనితనం వల్లే.

● 'నాన్నా, పులి' కథ తిరగబడింది: ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో ఫోర్క్‌టెయిల్డ్ డ్రాంగో అనే నల్లపిట్ట ఉంది. పశువుల వీపులెక్కి తిరిగే మన పసులపోలిగాడికి దగ్గరి చుట్టం. మీర్‌క్యాట్లు అనే చిన్న జంతువులు పురుగును తవ్వి తీయగానే ఇది 'ప్రమాదం!' అన్నట్టు అరుస్తుంది. అవి ఉన్నపళంగా పరుగెడతాయి, పురుగు దీని పాలవుతుంది. మాటిమాటికీ ఒకే కేక వేస్తే ఎవరూ నమ్మరు కదా! అందుకని గొంతు మారుస్తుంది. ఒకసారి మీర్‌క్యాట్‌లా, ఇంకోసారి మరో పిట్టలా అరుస్తుంది. 2014లో వెలువడిన పరిశోధనలో ఈ పిట్టలు 51 రకాల హెచ్చరిక కేకలు వేస్తున్నట్టు తేలింది. వాటి తిండిలో దాదాపు నాలుగో వంతు ఇలా కాజేసిందే.

● మన అడవుల బహుగొంతుల పిట్ట: తోక చివర రెండు పొడవాటి తీగలు, వాటి కొసన ఈకల కుచ్చులు... మారేడుమిల్లి లాంటి తూర్పు కనుమల అడవుల్లో కనిపించే ఈ డ్రాంగోను హిందీలో భీమ్‌రాజ్ అంటారు. డేగ కూతలు సహా ఎన్నో గొంతులు దీనికి వచ్చు. శ్రీలంకలోని సింహరాజ అడవిలో గమనిస్తే, ఇతర పిట్టల పాటలు పాడి వాటిని తన గుంపులోకి పిలుచుకుంటోందని తెలిసింది. అవి కదిలితే ఎగిరే పురుగులు దీనికి విందు.

● గురువు చెప్పిన పాఠం: అనుకరణలో మేటి ఆస్ట్రేలియాకు చెందిన లైర్‌బర్డ్. ఆ దేశపు 10 సెంట్ల నాణెం మీద ఉన్నది ఇదే. కుర్ర మగపిట్టలు చాలా పాటలు నేర్చుకునేది అసలు పక్షుల దగ్గర కాదు, తమలోని పెద్ద మగపిట్టల దగ్గర! రంపాలు, కెమెరాల చప్పుళ్లతో పేరుకెక్కినవి మాత్రం ఎక్కువగా మనుషుల మధ్య పెరిగినవే. 2021లో సిడ్నీలోని టరోంగా జూలో ఒకటి చంటిబిడ్డ ఏడుపును అచ్చంగా దించేసింది.

● ఊరు మారినా పాట మరవలేదు: 1934 నుంచి కొన్ని లైర్‌బర్డ్‌లను టాస్మానియా దీవికి తరలించారు. విప్‌బర్డ్ అనే పిట్ట అక్కడ లేనే లేదు. అయినా దశాబ్దాల తర్వాత కూడా ఆ దీవి లైర్‌బర్డ్‌లు విప్‌బర్డ్ కూతను పాడుతూనే ఉన్నాయి. వలస వెళ్లిన తాతల ఊరిపేర్లు మనవల నోట వినిపించినట్టు!

● గొంతులోనే ప్రయాణపటం: మార్ష్ వార్బ్లర్ ఐరోపాలో పిల్లలను పెట్టి, చలికాలం ఆఫ్రికాకు పోతుంది. దారి పొడవునా విన్నవన్నీ పోగేసుకుంటుంది. 1979లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం ఒక్కో మగపిట్ట సగటున 76 జాతుల గొంతులను అనుకరిస్తుంది. అన్ని పిట్టలవీ కలిపి లెక్కిస్తే 212 జాతులు. అందులో 113 ఆఫ్రికావి. పాట వింటే చాలు, ఏయే దారుల్లో తిరిగి వచ్చిందో ఊహించవచ్చు.

● మొజార్ట్ ఇంటి పాటగత్తె: 1784 మే 27న వియన్నాలో సంగీతకారుడు మొజార్ట్ ఒక స్టార్లింగ్ పిట్టను కొన్నాడు. అంతకు నెలన్నర ముందే తాను పూర్తిచేసిన పియానో కచేరీ రచనలోని వరసను అది ఇంచుమించు అలాగే పాడింది. ఒక స్వరాన్ని మాత్రం కాస్త పైకి లాగింది. అతను విసుక్కోలేదు, 'బాగుంది' అని ఖర్చుల పుస్తకంలో రాసుకున్నాడు. మూడేళ్లకు అది చనిపోతే పూడ్చిపెట్టి, దాని మీద కవిత కూడా రాశాడు.

● బాతు నోట తిట్టు: కాన్‌బెర్రా దగ్గర టిడ్‌బిన్‌బిల్లా అభయారణ్యంలో మనుషులు పెంచిన రిప్పర్ అనే మస్క్ బాతు, 'యూ బ్లడీ ఫూల్' అన్నట్టు అరిచేది. 1987లో రికార్డు చేశారు. చుట్టూ ఉన్నవాళ్లు ఏం మాట్లాడితే అదే కదా పిల్లలకైనా వచ్చేది!

● పంజరంలోనే పరాయి మాట: మాటలు నేర్చే పిట్టల్లో పేరుమోసిన కొండ గోరువంక, అడవిలో ఉండగా ఇతర జాతులను అనుకరించదు. పొరుగున ఉండే తనవాళ్ల కూతలే నేర్చుకుంటుంది. పంజరంలో తనవాళ్లు ఉండరు, ఉన్నది మనమే. అందుకే మన మాట పట్టుకుంటుంది. ముద్దుగా వినిపించే ఆ పలుకు వెనక ఉన్నది ఒంటరితనమే.

పూర్వజన్మలో చిలకను పంజరంలో పెట్టినందుకే భక్త రామదాసు పన్నెండేళ్లు చెరసాలలో ఉన్నాడని మన పెద్దల కథ. ఇప్పుడైతే వచ్చే జన్మ దాకా ఆగనక్కర్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకను, కొండ గోరువంకను పట్టడం, పెంచడం నేరం. వాటి పలుకు వినాలనుంటే చెట్టు కిందికి వెళ్దాం. ఈసారి నేర్చుకునే వంతు మనది.