వేట పడవ – సరంజామా

సముద్రతీరాన ఇసుకపై ఒరిగి ఉన్న పడవ చూసేవారికి ఒకే వస్తువుగా తోస్తుంది. మత్స్యకారుని దృష్టిలో అది ఒకటి కాదు. ఒట్టి పడవకు ఇంజను, వల, తాళ్ళు, లంగరు, తెడ్లు, ఇంధనపు డబ్బాలు, మంచుపెట్టె కూడినప్పుడే అది వేట పడవ అవుతుంది. వీటిలో ప్రతిదానికీ వేరు ధర, వేరు ఆయుర్దాయం ఉన్నాయి. వేటినైనా ముందు కొనాలా, వాయిదా వేయాలా అనే నిర్ణయంపై ఒక కుటుంబపు రాబడియే కాక, ఒక్కొక్కప్పుడు ప్రాణాలు సైతం ఆధారపడి ఉంటాయి.

పూర్వం ఈ సరంజామాలో అధికభాగం ఊరిలోనే తయారయ్యేది. తేలికపాటి కొయ్య దుంగలను తాళ్ళతో జోడించి కట్టినది తెప్ప. తమిళులు దీనిని కట్టుమరం అంటారు. ఆంగ్లంలోని ‘కాటమరాన్’ అనే పదం దాని నుండి పుట్టినదే. దుంగల నడుమ సందుల గుండా నీరు వచ్చిపోతుంది కనుక తెప్ప నీటితో నిండి మునిగిపోదు. అయితే నీరు పీల్చిన కొయ్య బరువెక్కుతుంది. అందుచేత ఒడ్డు చేరిన తరువాత కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. కెరటాల తాకిడి అధికంగా గల కోరమండల్ తీరంలో మసూలా పడవలు వాడుకలో ఉండేవి. వాటి పలకలను మేకులతో బిగించక కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. కెరటం తాకినప్పుడు కుట్టుపడవ కొద్దిగా వంగి ఆ దెబ్బను తట్టుకొనేది. నూలు వలలు కుళ్ళిపోకుండా చెట్ల బెరడు కషాయంలో నానబెట్టేవారు. ఆనాటి పెట్టుబడిలో ధనం కన్న శ్రమ పాలు ఎక్కువ.

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ స్థితి మారింది. నూలు వలల స్థానాన్ని నైలాను ఆక్రమించింది. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మద్రాసు కేంద్రంగా ప్రారంభమైన బంగాళాఖాత కార్యక్రమం, కెరటాలను దాటి నేరుగా ఇసుక ఒడ్డును చేరగల చిన్న మోటారు పడవలపై ప్రయోగాలు సాగించింది. క్రమంగా గాజుపోగుల వస్త్రాన్ని రెసిన్‌తో పొరలు పొరలుగా అతికించి చేసే ఫైబరు పడవలు తీరమంతటా వ్యాపించాయి. ఇవి చెదలు పట్టవు, నీరు పీల్చి ఉబ్బవు. కాని వీటిని ఇంట్లో తయారు చేసుకోలేరు. చేతిపని మీద నడిచిన వృత్తి బజారు మీద ఆధారపడక తప్పలేదు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక పడవలతోను, మోటారు పడవలతోను వేట నిషిద్ధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఈ విరామం ఏర్పడింది. పడవలన్నీ ఒడ్డున ఉండే ఆ దినాలు మరమ్మతులకు, బేరసారాలకు అనువైనవి.

పాత పడవను కొనేవాడు రంగును చూసి మోసపోరాదు. చిన్న కొయ్యసుత్తితో పడవ ప్రక్కలను మెల్లగా తట్టి చూడాలి. గట్టిగా ఉన్నచోట ఖణీమనే ధ్వని వస్తుంది. పొరలు విడిపోయినచోట, లోనికి నీరు దిగినచోట ధ్వని మందగిస్తుంది. ముందుభాగమైన అణియం కన్న వెనుకభాగమైన అమరాన్ని మరింత శ్రద్ధగా పరీక్షించాలి. ఇంజను బరువంతా, దాని అదురంతా మోసేది అక్కడి పలకయే. పైకి ఫైబరు నిగనిగలాడుతున్నా లోపలి చెక్క కుళ్ళి ఉండవచ్చు. పడవపై వ్రాసిన రిజిస్ట్రేషను సంఖ్య, ఇంజనుపై చెక్కిన సంఖ్య కాగితాలతో సరిపోవాలి. ఆ పడవపై తీరని అప్పు లేదని నిర్ధారించుకోవాలి. ఇవన్నీ ముగిసిన తరువాత నీటిపై నడిపి చూసి గాని బయానా ఇవ్వరాదు.

సరంజామాలో ఖరీదైనది ఇంజను. దాని శక్తిని అశ్వశక్తిలో కొలుస్తారు. ఒక అశ్వశక్తి సుమారు 746 వాట్లు. అశ్వశక్తి పెరిగినకొద్దీ లాభం పెరుగుతుందనుకోవడం పొరపాటు. పడవ ఆకృతికి అనువైన వేగం ఒకటి ఉంటుంది. దానిని దాటితే నీటి నిరోధం త్వరితంగా పెరిగి, స్వల్పమైన అదనపు వేగానికి ఇంధనం విపరీతంగా ఖర్చవుతుంది. ఇక ఉప్పునీరు ఇంజనుకు నిత్యశత్రువు. వేట ముగిసిన వెంటనే మంచినీటితో లోపలి నాళాలను కడగాలి. ఇంజనుకు బిగించే చిన్న జింకు ముక్క మరొక రక్ష. ఉప్పునీటిలో రెండు లోహాలు కలిసి ఉన్నప్పుడు వాటిలో చురుకైనది ముందుగా క్షయిస్తుంది. జింకు తాను క్షయిస్తూ ఇంజనును కాపాడుతుంది. దానిని సకాలంలో మార్చనివారు తక్కువ ఖర్చుతో పోయేదానికి ఇంజనునే మూల్యంగా చెల్లిస్తారు.

వల విషయంలో కన్ను పరిమాణం ముఖ్యం. ఏ చేప చిక్కాలో, ఏది తప్పించుకోవాలో నిర్ణయించేది అదే. కన్ను మరీ చిన్నదైతే పిల్లచేపలు సైతం చిక్కి, రేపటి పంట నేడే నశిస్తుంది. పై అంచున బెండ్లు, క్రింది అంచున సీసపు గుండ్లు సమతూకంగా ఉన్నప్పుడే వల నీటిలో నిలువుగా నిలుస్తుంది. చేపలున్న చోటును అన్వేషించడంలో నేడు విజ్ఞానశాస్త్రం తోడ్పడుతున్నది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఉపగ్రహాలు తెలిపే సముద్రోపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరిత ప్రమాణాన్ని బట్టి చేపలు లభించగల ప్రదేశాలను సూచిస్తున్నది. జీపీఎస్ పరికరం ఉన్నవారు ఆ స్థానానికి సూటిగా చేరగలరు. తద్వారా ఇంధనం ఆదా అవుతుంది.

ఇన్నిటికీ కావలసిన సొమ్ము అందరి వద్దా ఉండదు. పలువురు చేపల వర్తకుల వద్ద అడ్వాన్సు తీసుకొంటారు. పేరుకు దానిపై వడ్డీ లేకపోవచ్చు. కాని పట్టిన చేపలను ఆ వర్తకునికే, అతడు చెప్పిన ధరకే అమ్మవలసి వస్తుంది. ఆ ధరలోని తగ్గుదలే వడ్డీ. ఇక చేపలు అమ్మగా వచ్చిన సొమ్ములో ఇంధనం, మంచు, భోజనాల ఖర్చులు పోగా మిగిలినదానిని వాటాలు వేస్తారు. వేటకు వెళ్ళినవారికి వాటాలుంటాయి. పడవకు వాటా ఉంటుంది. ఇంజనుకు, వలకు సైతం వాటాలు ఉంటాయి. పెట్టుబడి పెట్టినవానికి ఆ విధంగా ప్రతిఫలం ముడుతుంది.

ఈ లెక్కలో చోటు లేని వస్తువులు కొన్ని ఉన్నాయి. లైఫ్ జాకెట్‌కు వాటా లేదు. రేడియోకు, అగ్నిమాపక సాధనానికి, ప్రథమచికిత్స పెట్టెకు వాటా లేదు. అవి ఒక్క చేపనైనా అదనంగా పట్టవు. అందుచేతనే కొనుగోలు పట్టికలో అవి చివరకు జరుగుతాయి. సొమ్ము చాలనప్పుడు ముందుగా కొట్టివేయబడేవీ అవే. ఇది పేదరికం వలన మాత్రమే జరిగేది కాదు. వినోదానికై పడవలపై వేటాడేవారు అసంఖ్యాకంగా గల అమెరికాలో, 2023లో వినోద పడవల ప్రమాదాలలో 564 మంది మరణించారు. మరణకారణం తెలిసినవారిలో నాలుగింట మూడు వంతులమంది నీట మునిగినవారే. ఆ మునిగినవారిలో, లైఫ్ జాకెట్ సంగతి తెలిసినవారిని లెక్కిస్తే, నూటికి 87 మంది దానిని ధరించలేదు.

లైఫ్ జాకెట్ తేల్చే శక్తిని న్యూటన్లలో కొలుస్తారు. 50 న్యూటన్లది ఈత వచ్చి, ఒడ్డు చేరువలో ఉన్నవారికి మాత్రమే చాలుతుంది. నడిసముద్రానికి వెళ్ళేవారికి 150 న్యూటన్లది తగినది. పడవలో ఓ మూల దాచిన జాకెట్ ఆపదవేళ చేతికి అందకపోవచ్చు. ధరించినప్పుడే అది రక్ష. వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ చానల్ ప్రపంచమంతటా ఆపద పిలుపులకు కేటాయించబడింది. సెల్‌ఫోను సంకేతాలు అందనిచోట, భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన ఆపద సంకేత ప్రసారిణి ఉపగ్రహం ద్వారా పడవ స్థానాన్ని తెలియజేస్తుంది. 2024లో ప్రారంభమైన దాని రెండవ తరం పరికరంలో, పిలుపు అందినదన్న సమాధానం సముద్రంలో ఉన్నవారికి తిరిగి చేరే ఏర్పాటు ఉన్నది. తీరరక్షక దళాన్ని పిలిచే ఫోను సంఖ్య 1554.

అమ్మకం వేళ సరంజామా విలువ మరొక రీతిగా తెలుస్తుంది. మంచినీటితో కడిగి, మరమ్మతుల వివరాలు వ్రాసి ఉంచిన ఇంజనుకు మంచి ధర పలుకుతుంది. వలలు వేగంగా పాతబడతాయి కనుక వాటికి వచ్చేది స్వల్పం. పడవను, ఇంజనును విడివిడిగా అమ్మితే ఎక్కువ సొమ్ము రావచ్చు. కలిపి అమ్మితే త్వరగా అమ్ముడుపోవచ్చు. ఏ విధంగా అమ్మినా రిజిస్ట్రేషను కొనుగోలుదారు పేరిట మార్పించాలి. లేనిచో ఆ పడవ వలన కలిగే చిక్కులు పాత యజమానిని వెంటాడతాయి. పొరలు విడిన చోటును రంగుతో కప్పి అమ్మడం వ్యాపారనేర్పు కాదు. ఏరు దాటి తెప్ప తగలేయడం ఎంత తప్పో, చిల్లుపడ్డ తెప్పను మంచిదని చెప్పి మరొకనికి అంటగట్టడం అంతకన్న పెద్ద తప్పు. ఇల్లు కురిస్తే గొడుగు పట్టవచ్చు. నడిసముద్రంలో పడవ కురిస్తే దిక్కేది?

సముద్రంలో కలిగే నష్టాన్ని ఒక్కనిపైనే వదలరాదన్న భావం తెలుగునేలకు కొత్తది కాదు. 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు చెదరి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకొనేవారు. ప్రాణాలకు తెగించి సముద్రంపై వచ్చేవారిని కరుణించి, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొంటామని ఆ చక్రవర్తి ప్రకటించాడు. నేటి కాలంలో అటువంటి అభయాన్ని బీమా కొంతవరకు ఇస్తుంది. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపలరేవులో చెలరేగిన మంటలలో ముప్పైకి పైగా మరపడవలు కాలిపోయాయి. ఒడ్డున కట్టివేసిన పడవకు సైతం ఆపద తప్పదని ఆ సంఘటన రుజువు చేసింది. అయినను లైఫ్ జాకెట్ వలెనే బీమా చందా కూడ చేపలు పట్టదు కనుక, అదీ వాయిదా పడుతూ ఉంటుంది.

కనుక సరంజామా కొనేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ వస్తువు ఎంత సంపాదించి పెడుతుంది అనేది మొదటిది. ఇది లేకపోతే ఏమి పోతుంది అనేది రెండవది. వల, ఇంజను మొదటి ప్రశ్నకు సమాధానం చెబుతాయి. లైఫ్ జాకెట్, రేడియో, బీమా రెండవ ప్రశ్నకు సమాధానం చెబుతాయి. మొదటి ప్రశ్నతోనే ఆగిపోయినవానికి చేపలు దొరకవచ్చు. వాటితో ఒడ్డుకు తిరిగి రావలసినవాడు మాత్రం రెండవ ప్రశ్నను కూడ వేసుకోక తప్పదు.