నోరుండగానే చెప్పి ఉంచుదాం

తన నానుతాడు ఏ కోడలికి, పట్టుచీరలు ఏ కూతురికి - మన ఇళ్ళల్లో పెద్దావిడలు ఇవన్నీ ముందే చెప్పి ఉంచుతారు. "రేపు నాకు స్పృహ లేకపోతే ఎంతవరకు వైద్యం చేయించాలి?" అనే మాట ఎత్తితే మాత్రం "అశుభం పలక్కండి" అని నోరు మూయించేస్తాం.

మా వీధిలో ఒక పిన్నిగారు పక్షవాతం వచ్చి పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. తీసేయమంటే అమ్మని చంపుకున్నట్టేనని చిన్నకొడుకు, ఇంక బాధపెట్టొద్దని కూతురు, ఎంత ఖర్చయినా సరేనని అమెరికా నుంచి పెద్దకొడుకు. ఆవిడ ఇష్టమేమిటో ముగ్గురికీ తెలీదు. ఆవిడ పోయి రెండేళ్ళయినా అన్నాచెల్లెళ్ళకి ఈనాటికీ మాటల్లేవు.

ముంబై కె.ఇ.ఎం. ఆస్పత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1973లో అక్కడ పనిచేసేవాడే దాడి చేస్తే మెదడు దెబ్బతిని, 42 ఏళ్ళు మంచంలోనే ఉండి 2015లో కన్నుమూసింది. ఆమెకి విముక్తి ఇవ్వమని రచయిత్రి పింకీ విరానీ కోర్టుకెళ్తే, ఏళ్ళ తరబడి సేవ చేసిన ఆస్పత్రివాళ్ళు ఒప్పుకోలేదు. 2011లో సుప్రీంకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. ఎవరి ప్రేమనీ తప్పుపట్టలేం. అరుణ మనసులో ఏముందో చెప్పగలిగినవాళ్ళే లేరు.

ఆ మాటేదో మనమే ముందు రాసి ఉంచుకోవచ్చని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దీన్నే 'లివింగ్ విల్' అంటున్నారు. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలనడంతో జనం ఆ జోలికే పోలేదు. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేతగానీ గెజిటెడ్ అధికారి చేతగానీ ధ్రువీకరింపజేస్తే చాలు. మన తరఫున నిర్ణయం చెప్పాల్సినవాళ్ళ పేర్లు అందులో రాయాలి. ఒకరికి మించీ రాయొచ్చు. ఒక కాపీ ఇంటి డాక్టరుకివ్వాలి, ఇంకోటి మునిసిపాలిటీలోనో పంచాయితీలోనో ఇందుకు నియమించిన అధికారికి. మనసు మారితే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఇది సూది వేసి చంపమని అడగడం కాదు, అది మన దేశంలో నేరమే. కోలుకునే ఆశ లేనప్పుడు మాత్రమే ఈ కాగితం పనికొస్తుంది. అప్పుడైనా ముగ్గురేసి డాక్టర్ల బోర్డులు రెండు విడివిడిగా చూసి ఒప్పుకోవాలి. ఆస్తి కోసం ఎవరో తొందరపడతారేమోనని భయపడేవాళ్ళకి ఇది చెప్పాలి. యంత్రాలు తీసేసినా నొప్పికి మందు ఆపరు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది.

ఇంకో సంగతి. మంచం పట్టినవాళ్ళకి పక్కలు మార్చేది, గంజి పట్టేది మనమే. తీరా డాక్టరు వచ్చి "నిర్ణయం చెప్పండి" అంటే "ఇంట్లో మగవాళ్ళెవరమ్మా?" అని అడుగుతారు. ఈ కాగితంలో మనకి నచ్చినవాళ్ళ పేరు రాసుకోవచ్చు, అది కూతురిదైనా సరే.

గోరుచిక్కుళ్ళు ఒలుస్తూ మా అత్తగారితో ఇదంతా చెప్పాను. డెబ్బై ఆరేళ్ళావిడ, కోప్పడతారేమో అనుకున్నా. కాసేపు మాట్లాడలేదు.

"ముక్కులో గొట్టాలవీ నాకొద్దని రాయమ్మా. మింగగలిగినన్నాళ్ళు ఇన్ని మంచినీళ్ళు పొయ్యండి చాలు. నొప్పికి మాత్రం మందు వేయించండి, నేను ఓర్చుకోలేను."

"మీ అబ్బాయి పేరు రాయించనా అత్తయ్యా?"

"వాడొద్దు. ఏడుస్తూ కూర్చుంటాడు. అమ్మాయి పేరూ, నీ పేరూ రాయించు."

పక్క గదిలో మావారు పేపరు తిప్పడం ఆపేశారు. ఏమీ అనలేదు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం "నోటరీ ఫీజు ఎంతట?" అని అడిగారు.

సాక్షులుగా ఎదురింటి మాస్టారూ, వాళ్ళావిడా వస్తామన్నారు. ఆవిడ తన కాగితం కూడా అప్పుడే రాయించుకుంటుందట. మాస్టారికి ఇంకా చెప్పలేదట.