నౌకా విహారాల్లో క్యాసినో, రాయితీ గిఫ్ట్ కార్డులు: ‘పణం’ రూపాంతరాల పరిశీలన

1. ఉపోద్ఘాతం

సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ‘పణం’ అనే పదానికి నాణెం అనీ, పందెంలో ఒడ్డిన సొమ్ము అనీ రెండు అర్థాలున్నాయి. నేటి విహార నౌకలో ఈ రెండర్థాలూ ఒకే చోట కలుస్తున్నాయి. ప్రయాణికుడు బయలుదేరకముందే తన డబ్బును గిఫ్ట్ కార్డుగా మార్చుకుంటాడు. నౌక ఎక్కిన తరువాత అది ఖాతాలోని అంకె అవుతుంది. క్యాసినోలో అడుగుపెడితే చిప్స్ అనే రంగు బిళ్ళలుగా మారుతుంది. మొదటి మార్పులో అతనికి కొంత రాయితీ దక్కుతుంది. చివరి మార్పులో కొంత నష్టం పొంచి ఉంటుంది. రాయితీ ముందే లెక్కకు అందుతుంది. నష్టం సగటున అంతే నిశ్చితమైనదైనా, ఏ ఒక్క ఆటలోనూ తన అసలు పరిమాణంలో కనబడదు. డబ్బు రూపం మారిన ప్రతిసారీ దాని విలువ పట్ల మనిషికుండే ఎరుక ఎలా సడలుతుందో అమెరికన్ నౌకా సంస్థల పద్ధతుల ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

విషయం తెలుగువారికి దూరమైనది కాదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కరీబియన్ నౌకా విహారాలు పరిచితమే. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు ‘ఎంప్రెస్’ అనే విహార నౌక నడిచినప్పుడు, అందులో క్యాసినో ఉన్నదన్న కారణంగా పుదుచ్చేరిలో అభ్యంతరాలు వ్యక్తమయ్యాయి.

2. తీరం దాటాకే తెరుచుకునే తలుపు

తెలుగులో ‘ఒడ్డు’ నామవాచకమైతే తీరం, క్రియ అయితే పందెంలో పెట్టడం. రెండింటికీ వ్యుత్పత్తి సంబంధం కల్పించనక్కరలేదు గాని, నౌకలోని జూదానికి సంబంధించినంతవరకు ఈ రెండు మాటలనూ కలిపింది చట్టమే. నౌక రేవులో నిలిచి ఉన్నంతసేపూ క్యాసినో సాధారణంగా మూసి ఉంటుంది. తీర రాజ్య జలాలు దాటిన తరువాతే తెరుస్తారు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం ఈ జలాల గరిష్ఠ పరిధి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. అమెరికా రేవుల నుంచి బయలుదేరే పెద్ద విహార నౌకల్లో అధిక భాగం బహామాస్, పనామా వంటి దేశాల జెండాల కింద నమోదైనవి. కాబట్టి నెవాడా వంటి రాష్ట్రాల్లో క్యాసినోలపై ఉండే నియంత్రణ మండళ్ళ పర్యవేక్షణ నడిసముద్రంలోని ఆటగాడికి అందదు.

ఈ సరిహద్దును వ్యాపారంగా మలచుకోవడం కొత్త కాదు. 1938లో టోనీ కొర్నెరో అనే వ్యాపారి లాస్ ఏంజలెస్ సమీపాన, శాంటా మోనికా తీరానికి మూడు మైళ్ళ ఆవల ‘రెక్స్’ అనే జూద నౌకను లంగరు వేసి నిలిపాడు. జనం చిన్న పడవల్లో వెళ్ళి ఆడి వచ్చేవారు. 1939 ఆగస్టులో కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఎర్ల్ వారెన్ ఆ నౌకపై దాడులు చేయించాడు. తరువాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినది ఈయనే. మూడు మైళ్ళను ఎక్కడి నుంచి కొలవాలన్నదే అప్పటి వివాదం. అఖాతానికి రెండు వైపులా ఉన్న కొనలను కలిపే గీత నుంచి కొలవాలని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చడంతో రెక్స్ నిలిచిన చోటు రాష్ట్ర జలాల్లోకి వచ్చింది. భారతదేశంలో బెట్టింగు, జూదం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. గోవా తన 1976 నాటి చట్టాన్ని సవరించి నౌకల్లో క్యాసినోలను అనుమతించింది. తీరానికి ఆవల అన్న పేరుతో వెలసిన ఆ నౌకలు పణజి వద్ద మాండవీ నదిలోనే నిలిచి ఉండడం గమనార్హం.

3. రాయితీ గిఫ్ట్ కార్డు: నిజమైన ఆదా ఎంత?

నౌకా సంస్థలు తమ పేరిట గిఫ్ట్ కార్డులను జారీ చేస్తాయి. వీటిని సభ్యత్వ సంఘాలు, పెద్ద దుకాణాలు అప్పుడప్పుడు ముఖవిలువకన్నా తక్కువకు అమ్ముతాయి. ఉదాహరణకు 500 డాలర్ల కార్డు 450 డాలర్లకు దొరికిందనుకుంటే ఆదా 50 డాలర్లు, అంటే 10 శాతం. ఆ కార్డుతో ప్రయాణ టికెట్ చెల్లించవచ్చు. నౌకలో అయ్యే ఖర్చుల ఖాతాకూ జమ చేసుకోవచ్చు. కార్నివాల్ సంస్థలో ఈ ఖాతా పేరు ‘సెయిల్ అండ్ సైన్’. రాయల్ కరీబియన్ ఇచ్చే కార్డు ‘సీపాస్’. నౌకలో నగదు దాదాపు చెల్లదు. కాఫీ, ఫొటో, రేవులో దిగి చేసే విహారం అన్నీ ఈ ఖాతాలోకే చేరతాయి.

ఇందులో మోసమేమీ లేదు. ఎలాగూ చెల్లించవలసిన టికెట్‌కు ఈ కార్డు వాడినవాడు 50 డాలర్లు నిజంగానే మిగుల్చుకున్నట్లు. అయితే సంస్థ ఈ 50 డాలర్లను ఎందుకు వదులుకుంటున్నదన్న ప్రశ్న వేసుకోవాలి. ప్రయాణానికి నెలల ముందే సొమ్ము వారి చేతికి వస్తుంది. ఆ సొమ్ము మరో సంస్థకు పోయే వీలుండదు. కొన్ని కార్డుల్లో శేషం వాడకుండానే మిగిలిపోతుంది. అమెరికాలో 2009 నాటి చట్టం గిఫ్ట్ కార్డు సొమ్ముకు కనీసం ఐదేళ్ళ గడువు ఉండాలని నిర్దేశించింది గాని, మరచిపోయిన కార్డును ఆ చట్టం గుర్తుచేయదు.

4. క్యాసినో లెక్క

అమెరికన్ రూలెట్ చక్రంలో 38 గళ్ళుంటాయి. ఒక అంకెపై పందెం గెలిస్తే ఇచ్చేది 35 రెట్లు. న్యాయంగా 37 రెట్లు ఇవ్వాలి. ఆ తేడాయే క్యాసినో వాటా: పందెంగా పెట్టిన ప్రతి 100 డాలర్లకు సగటున 5.26 డాలర్లు. ఒకే సున్నా ఉండే ఐరోపా చక్రంలో గళ్ళు 37, వాటా 2.70 శాతం. బ్లాక్‌జాక్ అనే పేకాటలో మొదటి రెండు ముక్కలతోనే 21 వస్తే 10 డాలర్ల పందానికి పాత పద్ధతిలో 15 డాలర్లు ఇచ్చేవారు; 6:5 పద్ధతి బల్లలపై 12 డాలర్లే ఇస్తారు. అటువంటి చేయి సగటున 21 ఆటల్లో ఒకసారి వస్తుంది కనుక, ఈ మూడు డాలర్ల కోత మొత్తం పందాలపై దాదాపు 1.4 శాతం అదనపు నష్టంగా తేలుతుంది. బల్ల మీది గుడ్డపై చిన్న అక్షరాల్లో రాసి ఉండే ఆ నిష్పత్తిని చదివేవారు తక్కువ.

పై 50 డాలర్ల ఆదాను ఇప్పుడు ఇక్కడికి తీసుకురావచ్చు. అమెరికన్ రూలెట్‌లో ఒక్కో పందానికి 10 డాలర్లు పెట్టేవాడి సగటు నష్టం పందానికి 52.6 సెంట్లు. 95 పందాలకు 50 డాలర్లు పూర్తవుతాయి. గంటకు 40 సార్లు చక్రం తిరిగితే రెండున్నర గంటలైనా పట్టదు. రాయితీ ఒకే కార్డుపై ఒకేసారి వస్తుంది. వాటా మాత్రం అదే డబ్బు బల్ల మీద తిరిగిన ప్రతిసారీ తెగుతుంది. రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టి 10 పెద్దది, 5.26 చిన్నది అనుకోవడంలోని పొరపాటు ఇక్కడే ఉంది.

ప్రాచీన భారతంలో నిర్వాహకుడి వాటా బహిరంగంగా ఉండేది. కౌటిల్యుని అర్థశాస్త్రం జూదాన్ని ద్యూతాధ్యక్షుని పర్యవేక్షణలో ఒకే చోట జరిపించమంటుంది. మరోచోట ఆడితే 12 పణాల జరిమానా. అధ్యక్షుడు గెలిచిన సొమ్ములో నూటికి ఐదు తీసుకోవాలి. అంటే ఆ వాటాను గెలిచినవాడు తెలిసి ఇస్తాడు. రూలెట్‌లో వాటా చెల్లింపు నిష్పత్తిలోనే దాగి ఉంటుంది. ఎవరూ దాన్ని ఇచ్చినట్లు భావించరు. ఆట నుంచి నిర్వాహకుడు ఏమి పొందుతున్నాడన్న ప్రశ్న తెలుగు నేల నుంచి వెళ్ళిన ఒక వ్యాజ్యంలోనూ ముఖ్యమైంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్య క్రీడగా గుర్తించింది. అయినా ఇంటి యజమాని ఆట వల్ల లాభం పొందినట్లు సాక్ష్యం ఉంటే నేరం కావచ్చునని అదే తీర్పు పేర్కొంది.

5. ఒకే ఖాతాలో రెండు లెక్కలు

గిఫ్ట్ కార్డు సొమ్మును క్యాసినోలో వాడనిచ్చే నియమాలు సంస్థను బట్టి మారుతాయి. ఖాతా నుంచి క్యాసినోకు తీసే సొమ్ముపై కొన్ని సంస్థలు రుసుము వేస్తాయి. అది 3 శాతమనుకుంటే, 10 శాతం ఆదాలో దాదాపు మూడో వంతు తొలి పందానికి ముందే పోతుంది. నియమం కార్డును అడ్డుకున్నా ఫలితంలో పెద్ద మార్పు ఉండదు. కార్డు భోజనానికి చెల్లిస్తే, భోజనానికని తెచ్చిన డబ్బు క్యాసినోకు మిగులుతుంది.

మనిషి తన డబ్బును మనసులోనే వేర్వేరు మూటలుగా కట్టుకుంటాడని రిచర్డ్ థేలర్ వివరించాడు. గెలిచిన సొమ్మును ‘వాళ్ళ డబ్బు’గా భావించి మరింత తెగించి ఒడ్డడాన్ని థేలర్, ఎరిక్ జాన్సన్ 1990లో చర్చించారు. డ్రాజెన్ ప్రెలెక్, జార్జ్ లోవెన్‌స్టీన్ 1998లో చెల్లింపు వేళ కలిగే బాధను విశ్లేషిస్తూ, ముందే చెల్లించిన విహారం ఆ తరువాత ఉచితమైనట్లే అనిపిస్తుందని చూపారు. రాయితీ కార్డు ఈ రెండు భావాలనూ కలుపుతుంది. చెల్లింపు ఎప్పుడో జరిగిపోయింది. పైగా 50 డాలర్లు ‘మిగిలాయి’. ఆ మిగులే ఒడ్డడానికి అనుమతిపత్రంలా పనిచేస్తుంది.

సభాపర్వంలోని ద్యూత ఘట్టాన్ని ఈ దృష్టితో చదివితే ఒక భేదం స్పష్టమవుతుంది. ధర్మరాజు ఒడ్డిన ప్రతిదానికీ పేరుంది. మణులు, బంగారం, రథాలు, దాసదాసీలు, తమ్ములు, చివరకు తాను, ద్రౌపది. పాచిక పడకముందే ఒడ్డినదేదో సభ మొత్తానికి వినబడుతుంది. పేరు పలికినంత మాత్రాన అతడు ఆగలేదన్నది నిజమే. కాబట్టి ఎరుక ఉంటే నిగ్రహం వస్తుందనే సులభ సిద్ధాంతాన్ని భారతం అంగీకరించదు. కానీ ఏమి పోయిందో సభకు తెలుసు, అందుకే ద్రౌపది ప్రశ్న అడగగలిగింది. రంగు బిళ్ళకు అటువంటి పేరు లేదు. అది పిల్లల చదువు డబ్బో, సెలవుల డబ్బో, కార్డులో మిగిలినదో బల్ల దగ్గర ఎవరికీ తెలియదు. తరచుగా ఆడేవానికీ తెలియదు.

6. ‘ఉచిత’ ప్రయాణం

క్యాసినోలో ఆడిన ప్రయాణికునికి తదుపరి విహారంలో ఉచిత గది ఇస్తామని సంస్థలు లేఖలు పంపుతాయి. ఈ బహుమతిని నిర్ణయించేది అతడు నిజంగా పోగొట్టుకున్న సొమ్ము మాత్రమే కాదు. ప్రధానంగా అతని నుంచి సగటున రావలసిన నష్టం. సగటు పందెం, గంటకు జరిగే ఆటలు, ఆడిన గంటలు, క్యాసినో వాటా, ఈ నాలుగింటినీ గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. పై ఆటగాడు ఐదు రాత్రులు, రాత్రికి నాలుగు గంటల చొప్పున ఆడితే మొత్తం పందాలు 8,000 డాలర్లు. అంచనా నష్టం సుమారు 421 డాలర్లు. అందులో ఒక భాగమే ‘ఉచితం’గా తిరిగి వస్తుంది. అదృష్టవశాత్తూ గెలిచినవానికీ ఈ లేఖ వస్తుంది, ఎందుకంటే సంస్థ లెక్కలో అతని గెలుపు తాత్కాలికం.

ఉచిత గదికి కూడా పన్నులు, రేవు రుసుములు, సిబ్బంది పారితోషికం సాధారణంగా ప్రయాణికుడే కట్టాలి. వాటిని తగ్గించుకోవడానికి అతడు మళ్ళీ రాయితీ గిఫ్ట్ కార్డు కొంటాడు. దానితో నౌక ఇంకా రేవులో ఉండగానే తరువాతి ప్రయాణపు సొమ్ము సంస్థ ఖాతాలో చేరిపోతుంది.