కారులోని చల్లదనము - దాని లోపములు

వేసవి వచ్చినదన్న మన కర్నూలు, కడప సీమల గృహిణులకు కారు ప్రయాణము తపస్సు వంటిదే. మే మాసమున 40 డిగ్రీలు దాటిన యెండలో కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు సుమారు 200 కిలోమీటర్లు పోవలయును. ఒడిలో పసిబిడ్డయు, వెనుక సీటున వృద్ధురాలగు అత్తగారును ఉండగా, చల్లగాలి నిలిచి వడగాడ్పు వీచుట మొదలైనచో నేమి గతి? "గ్యాసు అయిపోయిందమ్మా" యని మెకానిక్కు చెప్పుటయు, మనము మారుమాట లేక డబ్బు చెల్లించుటయు ఏటేట జరుగు ఆచారమైనది. ఈ యాచారమును గూర్చియే మేము ముఖ్యముగా వ్రాయదలచితిమి.

మట్టికూజా చెమర్చి, ఆ చెమ్మ ఆవిరి యగునపుడు లోని నీటి వేడిని గొనిపోవుట సోదరీమణు లెరిగినదే. కారులో జరుగునదియు నదియే. డాష్‌బోర్డు వెనుకనున్న సన్నని గొట్టములలో ద్రవరూపమున నున్న గ్యాసు ఆవిరి యగుచు లోపలిగాలి వేడిని పీల్చుకొనును. ఇంజనుచే తిరుగు కంప్రెసరు ఆ యావిరి నొత్తి, బండి ముందుభాగమున నున్న కండెన్సరునకు బంపును. అది యచ్చట వేడిని విడిచి మరల ద్రవమగును. ఇట్లు ఒకే గ్యాసు తిరుగుచుండునే గాని పెట్రోలువలె ఖర్చు కాదు. ఏండ్ల తరబడిని కొంచెము జారుట సహజమే. ఏటేట నింపవలసి వచ్చుట మాత్రము సహజము కాదు. కారుచోటు కనుగొనక గ్యాసు పట్టుట చిల్లికుండలో నీరు పోయుటయే. గ్యాసుతో నూనెయు తిరుగుచుండును గనుక, గొట్టముల అతుకులయొద్ద జిడ్డును దానిపై దుమ్మును కనబడినచో అచ్చట అనుమానింపవలెను.

గ్యాసు మాట యెత్తకమునుపు గాలిని పరీక్షింపుడు. గాలియే సన్నగా వచ్చుచున్నచో దోషము తరచుగా ఫిల్టరుది. బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్లల వైపు నాపరాతి పొడిలో దిరుగు బండ్లకు ఇది త్వరగా పూడిపోవును. పెక్కు బండ్లలో ముందుసీటు నెదుటి అర వెనుకనే యుండును. చేతితోనే తీసి చూడవచ్చును. జల్లెడ మూసికొనిపోయిన పిండి జారునా?

గాలి బలముగా వచ్చియు చల్లగా లేనిచో, ఇంజను నడుచుచుండగా ఏ.సి. మీట నొక్కి చెవి యొగ్గుడు. పెక్కు బండ్లలో ముందునుండి 'టక్కు'మని శబ్దము వచ్చును. రానిచో ఫ్యూజు గాని, విద్యుత్తు తీగ గాని, కంప్రెసరు క్లచ్చి గాని చెడియుండవచ్చును. గ్యాసు మిక్కిలి తగ్గినను ఇట్లగును. బండి పోవునపుడు చల్లగాను, రైల్వేగేటుకడ నిలిచినపుడు వెచ్చగాను ఉన్నచో, కండెన్సరు ఫ్యాను తిరుగుట లేదేమో, లేక రేకులసందున మట్టి పేరినదేమో చూడవలెను. ఆ రేకులు సుకుమారములు. మెల్లని నీటిధారతోనే కడుగవలెను. గంటసేపు చల్లబడి, క్రమముగా గాలి సన్నగిల్లి, కొంతసేపు ఆపిన మరల సరియైనచో లోపల మంచు గట్టినదని తలంపవచ్చును. బండిక్రింద నీరు కారుట దోషము కాదు. కాళ్లక్రింది చాపపై కారినచోనే దోషము.

1939లో ప్యాకార్డు కంపెనీవారు తొలుత కారులలో ఈ యంత్రము నమర్చినపుడు దాని నాపవలెనన్న ఇంజను నాపి బెల్టు నూడదీయవలసి యుండెనట! మనకు మీట యున్నది, అదృష్టవంతులమే.

ఎండలో నిలిచిన బండిలో వేడి పది నిమిషములలోనే సుమారు 10 డిగ్రీలు హెచ్చును. ఏ.సి. పనిచేసినను చేయకున్నను బిడ్డను క్షణమైనను అందు విడువరాదు. ఎక్కగానే అద్దములు దించి వేడిగాలిని బోనిచ్చి, పిమ్మట మూసి లోపలిగాలినే త్రిప్పు మీట నొక్కవలెను.

గ్యాసుగొట్టములను మనము విప్పరాదు; ఆ ద్రవము తగిలిన చర్మమును కన్నును గడ్డకట్టించును. అది మెకానిక్కు పని. అయితే అతని నడుగ వలసినది కలదు: కారుచోటు చూపితివా? పాతగ్యాసును యంత్రముతో తీసి, గొట్టములలోని గాలిని పూర్తిగా లాగితివా? బానెట్టు క్రింది కాగితముపై వ్రాసిన గ్రాముల ప్రకారమే తూచి నింపితివా? ఎక్కువ నింపినను చల్లదనము తగ్గును. క్రొత్తబండ్లలో కొన్నింటికి వేరుగ్యాసు గలదు. పేరును ఆ కాగితముపైననే చూచుకొని, రసీదులో వ్రాయించుకొనవలెను.