ప్రాణం నేత మీద పెట్టాలి, కుట్టు మీద కాదు

కోనసీమలో కొబ్బరి దింపు తీసే రోజు తోటలోకి వెళ్తే ముందుగా కంటబడేది, చెట్టు మొదట్లో నిలబడి తలెత్తి పైకి చూసే మనిషి. కాళ్లకు బంధం, నడుముకు మోకు, వెనక కత్తి. మొవ్వు దాకా ఎక్కడం ఆయనకు అలవాటైన పనే. అసలు కష్టం పైకి చేరాక మొదలవుతుంది. ఒక చేత్తో మట్ట పట్టుకుని, రెండో చేత్తో గెల నరకాలి. కాళ్లు వణుకుతుంటాయి, చెమట కళ్లలోకి కారుతుంటుంది. అప్పుడు కాసేపు కూర్చోవడానికి ఒక ఆసరా ఉండి, రెండు చేతులూ ఖాళీ అయితే ఎంత తేలికో చెట్టెక్కినవాళ్లకే తెలుసు.

ఆ ఆసరా ఇప్పటికే ఉంది. దాన్ని ట్రీ సాడిల్ అంటారు, అంటే చెట్టు మీది జీను. తుంటి కింద ఒక వెడల్పాటి పట్టీ, దాని రెండు చివర్లనూ కలుపుతూ ముందు ఒక తాడు, ఆ తాడును చెట్టుకు కట్టే మరో తాడు. అమెరికాలో జింకల వేటకు వెళ్లేవాళ్లు గంటల తరబడి చెట్టు మీద కూర్చోవడానికి దీన్ని వాడతారు. చాలామంది ఇంట్లోనే కుట్టుకుంటారు కూడా. మన దేశంలో వన్యప్రాణుల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. కాబట్టి ఈ జీనుకు మన దగ్గర సరైన చోటు కొబ్బరి తోటే. కుట్టు మెషిను లేని వీధి ఉండదు, బ్యాగులు కుట్టే కొట్టు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. మరి మనమే ఎందుకు కుట్టుకోకూడదు? ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం ఒక్క మాటలో తేలదు. కొంత కుట్టుకోవచ్చు, కొంత కుట్టుకోకూడదు. ఆ గీత ఎక్కడుందో నిదానంగా చూద్దాం.

చీర ఉయ్యాలలో ఉన్న పాఠం

మన ఇళ్లలో పసిపిల్లలకు కట్టే చీర ఉయ్యాలను గుర్తు చేసుకోండి. దూలం మీదుగా చీర వేసి, రెండు కొసలూ కలిపి ముడి వేస్తారు. అందులో కుట్టన్నది ఉండదు. బిడ్డ బరువంతా చీర నేతే మోస్తుంది. నేతలో వేల పోగులు ఆ కొస నుంచి ఈ కొస దాకా తెగకుండా సాగుతాయి కాబట్టి బరువును అన్నీ పంచుకుంటాయి. ముడి మీద బరువు పడేకొద్దీ అది మరింత బిగుస్తుంది.

అదే చీరను మధ్యలో కత్తిరించి, రెండు ముక్కలూ మెషిను మీద కలిపి కుట్టి ఉయ్యాల కడితే ఏ అమ్మమ్మా ఒప్పుకోదు. చీర మారలేదు, బరువు మారలేదు. ఇప్పుడు బిడ్డను మోస్తున్నది నేత బలమా, కుట్టు బలమా అన్నదే తేడా. చెట్టు మీది జీనుకూ ఇదే సూత్రం. పట్టీలో తెగేది సాధారణంగా నడిమధ్య కాదు, అతుకు దగ్గర. అందుకే జీను చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇందులో మనం వేసిన కుట్లన్నీ ఊడిపోయినా మనిషి కింద పడకుండా ఉంటాడా?

నాడా సంగతి

బ్యాగులు కుట్టే కొట్టుకు వెళ్లి ఎవరైనా ఇలా అడిగారనుకుందాం:

"బాబాయ్, ఈ నాడా రెండు మడతలేసి గట్టిగా కుట్టిపెట్టు. చెట్టెక్కడానికి."

"బ్యాగుకి కుట్టినట్టే కుట్టెయ్యనా అబ్బాయ్?"

ఆయన అడిగిన ఆ చిన్న ప్రశ్న దగ్గరే ఆగాలి. బ్యాగు పట్టీ తెగితే పుస్తకాలు పడతాయి, ఇక్కడ పడేది మనిషి.

బ్యాగులకు వాడే చవక నాడా చాలావరకు పాలీప్రొపిలీన్‌తో నేసినది. ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది. సుమారు 160 డిగ్రీల వేడికే కరుగుతుంది. తాడు దాని మీద గట్టిగా రాసుకుంటూ జారితే పుట్టే వేడికి కూడా దెబ్బతింటుంది. నైలాన్ దీనికంటే బలమైనదే, కొంచెం సాగే గుణం ఉండడం వల్ల కుదుపును తట్టుకుంటుంది. కానీ నీళ్లు పీలుస్తుంది, తడిసినప్పుడు కొంత బలం తగ్గుతుంది. పాలిస్టర్ నీళ్లు పీల్చదు, ఎండకు మిగతా రెండింటికంటే బాగా ఓర్చుకుంటుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో చెమ్మ, మిగతా నెలలు ఎండ ఉండే కోనసీమకు పాలిస్టరే నప్పుతుంది.

చేతిలో ఉన్నది ఏ నాడానో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అంగుళం ముక్క కోసి గిన్నెడు నీళ్లలో ముంచి, గాలి బుడగలన్నీ పోయేదాకా వేళ్లతో నలపండి. వదిలాక పైకి తేలితే అది చాలావరకు పాలీప్రొపిలీనే అయి ఉంటుంది. ప్రాణం మోసే పనికి దాన్ని పక్కన పెట్టండి. నైలాన్, పాలిస్టర్ నీటికంటే బరువైనవి కాబట్టి మునుగుతాయి. మునిగినంత మాత్రాన ఆ నాడా గట్టిదని కాదు. ఎంత బరువు మోస్తుందో తయారీదారు అచ్చువేసి ఇచ్చినదే నమ్మదగినది.

కుట్టు ఎలా తెగుతుంది

బియ్యం బస్తా మూతి విప్పడం అందరికీ తెలిసిందే. సరైన కొస దొరికితే ఒక్క లాగుకు దారమంతా సర్రున వచ్చేస్తుంది. అది గొలుసు కుట్టు. ఒక కుట్టు మరో కుట్టును పట్టుకుని ఉంటుంది కాబట్టి ఒకటి వదిలితే వరసగా అన్నీ వదిలేస్తాయి. ఇంటి మెషిను వేసేది మరో రకం. పై దారం, బాబిన్ దారం ప్రతి కుట్టులోనూ మెలిక పడతాయి. ఒకటి తెగినా మిగతావి నిలుస్తాయి. బరువు మోసే అతుకుకు గొలుసు కుట్టు ఎప్పుడూ పనికిరాదు.

రెండో సంగతి, లాగే దిక్కు. గోడకు అతికించిన పోస్టరును గోడ వెంబడి పక్కకు లాగి చూడండి, రాదు. మూల పట్టి ఎత్తి లాగితే ఊడి వస్తుంది. కుట్టు కూడా అంతే. రెండు పట్టీలను ఒకదాని మీద ఒకటి పరచి కుట్టి, పొడవునా లాగితే కుట్లన్నీ కలిసి బరువు మోస్తాయి. పట్టీలను విడదీస్తున్నట్టు లాగితే ఆ బరువంతా మొదటి వరస మీదే పడుతుంది. అది తెగాక రెండోది, తర్వాత మూడోది.

మూడోది లెక్క. ఒక కుట్టు 8 కిలోలు మోస్తుందనుకుంటే 150 కుట్లు 1,200 కిలోలు మోయాలి. కాగితం మీద బాగానే ఉంది. నిజంగా అయితే అన్ని కుట్లూ సమానంగా బిగిసి ఉండవు, కొసన ఉన్నవాటి మీద ఎక్కువ బరువు పడుతుంది. పోనీ కుట్లు ఇంకా దగ్గరగా, ఇంకా ఎక్కువ వేద్దామంటే సూది ప్రతిసారీ నేతలో ఒక రంధ్రం చేస్తుంది. తపాలా బిళ్లల షీటు సులువుగా చిరగడానికి చిల్లుల వరస వేస్తారు కదా, మితిమీరిన కుట్టు పట్టీకి అదే చేస్తుంది.

కంపెనీలు ఈ చిక్కును ఎలా విప్పాయో మీ జీన్స్ ప్యాంటులో చూడొచ్చు. బెల్టు లూపు మొదట్లో అడ్డంగా దట్టంగా ఒక చిన్న గీతలా కుట్టు ఉంటుంది. దాన్ని బార్ టాక్ అంటారు. పర్వతారోహణ పట్టీల మీద వరసగా కనిపించేవి ఇవే. వాటిని వేసే మెషిను వేరు, సూది వేరు, దారం వేరు. దారం బిగువు ప్రతి కుట్టుకూ ఒకేలా ఉంటుంది. పైగా నమూనాలను లాగి, తెంపి చూస్తారు. జాకెట్లు కుట్టే మెషిను మందపాటి నాడా మూడు పొరలు వచ్చేసరికి కుట్లు దాటేస్తుంది. పైన చక్కగా కనిపిస్తుంది, అడుగున దారం వదులుగా వేలాడుతుంది. కుట్టినవాళ్ల నేర్పులో లోపం లేదు, ఆ మెషిను తయారైంది వేరే పనికి.

పడితే ఎంత బరువు?

"నేను 70 కిలోలే, 200 కిలోలు మోసే పట్టీ చాలదా?" అనిపిస్తుంది. కదలకుండా కూర్చుంటే చాలు. కానీ 70 కిలోల మనిషి ఒక మీటరు కిందికి పడి, తర్వాతి 10 సెంటీమీటర్లలో ఆగితే, ఆ క్షణంలో పట్టీ మీద పడే బలం సుమారు 770 కిలోల బరువుతో సమానం. పట్టీ తెగకపోయినా ఆ కుదుపు నడుముకూ వెన్నుకూ ప్రమాదమే. అందుకే జీను పడేవాణ్ణి ఆపే సాధనం కాదు, పడకుండా కూర్చోబెట్టే సాధనం. దాని తాడు ఎప్పుడూ బిగువుగా ఉండాలి, చెట్టుకు కట్టిన చోటు నడుముకంటే పైన ఉండాలి.

కొబ్బరిచెట్టుతో మరో చిక్కు ఉంది. వేరే చెట్లకైతే జారే తాడును కొమ్మ ఆపుతుంది. దీనికి కొమ్మలు లేవు. తాడును ఊరికే చుట్టి కట్టుకుంటే మనిషితోపాటు కిందికి జారుతుంది. బరువు పడగానే చెట్టును ఉచ్చులా బిగించేలా వేసుకోవాలి. ఎండిన మట్టను నమ్మి తాడు కట్టకూడదు, అది ఊడి వచ్చే వస్తువు. ఇంకో మాట, చేతిలో కత్తి ఉంది. బరువుతో బిగిసి ఉన్న తాడు కత్తి మొన తగిలితే చాలు తెగిపోతుంది. విదేశాల్లో చెట్లు కోసేవాళ్లు నడుమున ఇనుప తీగ ఉన్న తాడు వాడేది ఇందుకే. ఒకటి తీసి మరోచోట వేసుకునేటప్పుడు రెండోది పట్టి ఉండేలా రెండు తాళ్లు ఉండాలి.

మరి ఇంట్లో ఏం కుట్టుకోవచ్చు

గీత ఇక్కడ గీద్దాం. ప్రాణం మోసే భాగం కొనాలి, ఒంటికి సుఖమిచ్చే భాగం కుట్టుకోవచ్చు.

పర్వతారోహణ సామాను అమ్మేచోట ఫ్యాక్టరీలో కుట్టిన గుండ్రటి పట్టీలు దొరుకుతాయి. వాటి మీద 22 కిలోన్యూటన్లు అని అచ్చు ఉంటుంది, అంటే సుమారు 2,200 కిలోల బలం. అలాంటి పట్టీని మీ కొలతకు తీసుకుని పరిస్తే పై వరస నడుము వెనక, కింది వరస తొడల కింద వస్తాయి. రెండు పక్కలా వచ్చే మడతలే ముందు తాడు తగిలించే చోట్లు. ఈ వలయంలో ఉన్న అతుకు ఫ్యాక్టరీలో వేసి పరీక్షించినది కాబట్టి ఇంటి కుట్టు మీద బరువు పడదు. ఆ రెండు వరసల మధ్య కూర్చోవడానికి కావలసిన గట్టి గుడ్డ, మెత్త, కత్తి పెట్టుకునే సంచి, తొడల పట్టీలకు మెత్త, ఇవన్నీ ఇంటి మెషిను మీద నిశ్చింతగా కుట్టుకోవచ్చు. ఆ కుట్లన్నీ ఊడిపోయినా మనిషి వలయంలోనే ఉండాలి. కిందికి జారిపోకుండా తొడల పట్టీలు మాత్రం విడిగా, అవీ కొన్నవే ఉండాలి. కుట్టేటప్పుడు సూది ఆ వలయంలోకి దిగకూడదు. గుడ్డకు గొట్టంలా అంచు కుట్టి, వలయాన్ని అందులోంచి పోనివ్వాలి. దారం గుడ్డ రంగుకు భిన్నంగా ఉంటే తెగిన కుట్టు వెంటనే కంటబడుతుంది.

తాడు పొడవు సర్దుకోవడానికి ముడి చాలు. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రుసిక్ పేరు మీద ఒక ముడి ఉంది, 1931 నాటిది. లావు తాడు చుట్టూ సన్నతాడును మూడుసార్లు చుట్టి లోపలినుంచి తీస్తారు. చేత్తో నెడితే జరుగుతుంది, బరువు పడితే పట్టేస్తుంది. మోకును చేత్తో పైకి జరిపి, దాని మీద ఒరిగి నిలబడే దింపు కార్మికుడికి ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

మొదటిసారి నేల నుంచి అడుగు ఎత్తులో వేలాడి చూడాలి. పది నిమిషాలు కూర్చుని, ఊగి, ఒక పక్కకు ఒరిగి చూడాలి. తొడలు తిమ్మిరెక్కితే కొలత సరిలేదు. కదలకుండా ఎక్కువసేపు వేలాడితే కాళ్లలో రక్తం నిలిచి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. కాబట్టి ఒంటరిగా ఎక్కకూడదు. ఈ పరీక్ష సౌకర్యాన్నే చెబుతుంది, బలానికి హామీ కాదు.

ఈ బాధ్యత ఒక్కరిది కాదు

రోజూ ఎక్కి బతికేవాళ్లకు మాత్రం నా సలహా వేరు. మన దేశంలో రక్షణ బెల్టులకు ఐఎస్ 3521 అనే ప్రమాణం ఉంది. ఆ గుర్తు ఉన్న, ఒళ్లంతా పట్టుకునే హార్నెస్ వేసుకోవాలి. అది కొనిపెట్టే బాధ్యత కార్మికుడి ఒక్కడి మీదే వేయకూడదు. తెలంగాణలో గీత కార్మికులకు 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. తాటిచెట్టుకు చేయగలిగినది కొబ్బరిచెట్టుకూ చేయవచ్చు. కేరళలో కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి యువతకు యంత్రంతో చెట్టెక్కడం నేర్పుతోంది. కోనసీమలో 1996 నవంబరు 6 నాటి తుపాను తర్వాత నాటిన చెట్లు కూడా ఇప్పుడు ఎత్తెదిగాయి. ఎక్కాల్సిన ఎత్తు పెరుగుతోంది, ఎక్కే చేతులు తగ్గుతున్నాయి. నాలుగు తోటల రైతులు కలిసినా ఒక మంచి హార్నెస్, రెండు తాళ్లు కొని దింపు తీసేవాళ్లకు ఇవ్వగలరు.

అప్పటిదాకా ఎక్కేముందు రెండు నిమిషాలు చాలు. పట్టీని వేళ్ల మధ్య అంగుళం అంగుళం జరుపుతూ కొస నుంచి కొస దాకా తడమండి. నూగు లేచిందా, అంచున కోత పడిందా, ఎండకు రంగు వెలిసి బిరుసెక్కిందా, ఉప్పుగాలికి కొక్కెం తుప్పు పట్టిందా? ఒక్కదానికి అవునని జవాబొచ్చినా ఆ పట్టీని కోసి రెండు ముక్కలు చేయండి, మరొకరు తెలియక నడుముకు కట్టుకోకుండా. ఆ రోజు దింపు ఆగితే ఆగనివ్వండి. కాయ రేపటిదాకా చెట్టు మీదే ఉంటుంది.