పూతవేళ పండుగ

మార్గశిర పుష్యముల చలిదినములలో నూజివీడు ప్రాంతపు మామిడితోటలు పూతకు వచ్చును. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరు మొదలగు చెట్ల కొమ్మల చివరల లేత పూగుత్తులు తొంగిచూచును. ఆ దినములలోనే ఆ గ్రామముల క్రైస్తవ గృహములపై వెదురుబద్దలతో కట్టిన రంగుకాగితపు నక్షత్రములు వెలుగును. ఈ పూతకును ఆ పండుగకును గల పొత్తును గూర్చి కొన్ని మాటలు విన్నవింపగోరుచున్నాము.

పూత చూచి పొంగిపోవుట తోటవారి యలవాటు కాదు. ఒక్కొక్క గుత్తిలో వందలకొలది, కొన్నింట వేలకొలది పూలు పూయును. అందు కాయలై నిలుచునవి మిక్కిలి కొలది. బూడిదతెగులు సోకినను, తేనెమంచు పురుగు పట్టినను పూత మాడి రాలిపోవును. తోటను గుత్తకు తీసికొన్న గృహస్థుడు, అప్పు తీరునో తీరదోయని కుందు ఇల్లాలు, కోతనాళ్లలో కాయలేఱి కూలి తెచ్చుకొను స్త్రీ, వీరందఱి బ్రతుకును ఆ గుత్తులనే నమ్ముకొని యుండును. కోత వేసవిలో, కలత మాత్రము పండుగనాటికే మొదలగును.

అట్టి యింట పొరుగువారి పండుగపాటలు చెవిసోకిన కొలది దుఃఖము పెరుగుటయు కలదు. భర్తను గోలుపోయిన స్త్రీ, బిడ్డను మట్టికిచ్చిన తల్లి నక్షత్రము కట్టుట యెట్లు? సంతోషింపుమని వారిని తొందరపెట్టుట న్యాయమా?

తెలుగు బైబిలులో ఇట్టివారికి తగిన మాట యొకటి గలదు. అది ‘నిరీక్షణ’. నిరీక్షణ యనగా ఎదురుచూచుట. ఆశ మనస్సులోని కోరిక. నిరీక్షణ కన్నులు తెఱచి మేలుకొని యుండుట. లూకా సువార్తలో క్రీస్తు జననవార్త మొదట చేరినది రాత్రివేళ మందను కాచుకొను గొఱ్ఱెలకాపరులకు. శిశువును దేవాలయమునకు తెచ్చినప్పుడు గుర్తించినవారిలో ఒకతె అన్న యను వృద్ధ వితంతువు. పెండ్లియైన యేడేండ్లకే భర్తను గోలుపోయిన యామె దేవాలయమును విడువక ఉపవాస ప్రార్థనలతో కాలము గడపెను. ఆమె దుఃఖమును మఱచి కాదు, దుఃఖముతోనే వేచినది.

ఇట్టి వేచియుండుట మన తెలుగునేల కూడ ఎఱుగును. అమెరికా బాప్టిస్టు మిషనువారు 1836లో తెలుగువారి నడుమ పని ప్రారంభించిరి. ఏండ్లు గడచినను ఫలము కానరామిచే, దీనిని మాని వేయుదమాయని 1853లో ఆ దేశమున చర్చ సాగినది. 1854 జనవరి 1వ తేది వేకువను, క్రిస్మసు దినములింకను ముగియక మునుపే, ఒంగోలు కొండపై ఐదుగురు కూడి ప్రార్థించిరి: లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, మన దేశీయులైన నరసు, జూలియా, రూతు. మువ్వురు స్త్రీలే! ఒంగోలునకు ఒక బోధకుని పంపుమనుట వారి మొఱ. జాన్ క్లౌ దొర ఆ యూరు చేరినది 1866లో. నడుమ పండ్రెండేండ్లు గడచినవి.

1876–78 నాటి ఘోరక్షామమున ఆయన బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టుకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. అన్నము కొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, ఆ సహాయము సాగినంతకాలము బాప్తిస్మములీయలేదు. పిమ్మట 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మ యొద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య గొప్పదే. అయినను ఒక్క ఫలమైనను కానరాని దినమున కొండ యెక్కిన ఆ మువ్వురు స్త్రీలే మాకు తఱచు జ్ఞప్తికి వచ్చుచుందురు.

ప్రార్థించినవారి తోట తప్పక కాయునని క్రైస్తవమతము మాట యీయలేదు. పూత నిలుచునో లేదో తెలియకయే తోటవాడు పిందె కట్టువఱకు నీరాపును, తెగులు సోకకుండ మందు చల్లును, రేయింబవళ్లు కనిపెట్టి యుండును. గృహిణులమైన మనము చేయదగినదియు నంతియే. మన వీధిలో ఈ యేడు నక్షత్రము వెలుగని యిల్లున్నచో, పిండివంటలు పనివారిచేత పంపి యూరకుండక, మనమే పోయి ఆ యిల్లాలి ప్రక్కన ఒక గడియ కూర్చుందము. ఆమె యేడ్చినచో ఏడ్వనిత్తము. కాపరుల రాత్రియు చీకటిదే కదా; వార్త వచ్చువఱకు వారొకరికొకరు తోడుగా మేలుకొని యుండిరి.